తిమ్మక్క రాయి

ఆదివారం, తూకం అయ్యాక

ఈ రోజు తూకంలో తిమ్మక్క తప్పింది.

ఇంకెవరు తప్పినా నాకింత మంట ఉండేది కాదు. అడుగు ఊట నుంచి కాలితో తొక్కి ఊరందరికీ నీళ్లు పైకి తెచ్చే పంపు మనిషి ఆమె. అమ్మ పోయాక నా చేతిలో సంగటి ముద్ద పెట్టింది ఆమె. నా మొదటి కరపత్రాన్ని అంబలి జిగురు పూసి గవి గోడకు అంటించిందీ ఆమే. చదవడం రాకపోయినా, అంటించి రెండడుగులు వెనక్కి వేసి, "అక్షరాలు బలే నిటారుగా నిలబడినాయి గదమ్మీ, నీ మాదిరే" అంది.

నేల కింద గవుల్లో, అంటే గుహల్లో, బతికే మా లోతుపల్లెలో ప్రతి మనిషికీ ఒక రాయి ఉంటుంది. వయసొచ్చిన రోజు గోడ నుంచి సున్నపురాయి తొలిచి, మనతో సరితూగే దాకా చెక్కి, మీద పేరు కొడతారు. ఆదివారం ఆదివారం ఆ రాయి ఒక తట్టలో, మనం రెండో తట్టలో. ఊరందరికీ ఒకటే పొయ్యి, ఒకటే కొలత సంగటి. కాబట్టి రాయి పైకి లేచి మనిషి కిందికి దిగాడంటే అర్థం ఒక్కటే. తన వంతు కాని నీళ్లు తాగాడు.

ఈ చట్టం ఊరికే రాలేదు. నీళ్ల కొట్టు చేతిలో పెట్టుకున్న నాలుగు కుటుంబాలు తెర వెనక కడుపు నిండా తాగుతూ, మా పిల్లలకు తడిగుడ్డ చప్పరించడానికిచ్చిన రోజులున్నాయి. ఉప్పు బండి మీద వచ్చిన కరపత్రాలు చదివి చదివి మా యువజనులమూ ఒకటి రాశాం. "ఎవరి ఒంట్లోనూ ప్రజల నీళ్లు దాగరాదు!" ఆ వాక్యం నాది. తక్కెడ ముందు అందరూ ఒకటే అని తేల్చుకున్నాం, గెలిచాం.

ఆ తక్కెడ మీద ఈ రోజు తిమ్మక్క కూర్చుంది. తట్ట దబ్బున నేలకు తగిలింది.

"ఇంకోతూరి కూకో తిమ్మక్కా," అన్నాడు ఓబన్న మామ. తక్కెడ పట్టేదీ ఆయనే, నీళ్ల కమిటీకి పెద్దా ఆయనే.

"ఎన్నితూర్లు కూకున్నా నేనే గదప్పా. మధ్యలో ఇంకొకామె వచ్చి కూకుంటాదా?"

నవ్వబోయి ఆయాసపడింది. ముఖం ఉబ్బి ఉంది. పాదాలు పొంగిన రొట్టెల్లా ఉన్నాయి.

"పంపు కాడ కూకున్నోళ్లకు గొంతెండుతాదా ఏంది!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"తాగినావా తిమ్మక్కా?" అని ఓబన్న మామ మెల్లగానే అడిగాడు.

"ల్యా."

"మరి ఈ బరువు యాడిది?"

"నాకేం తెల్సప్పా? సంగటే దిగడంల్యా నాకు. నీళ్లు యాడ దిగుతాయి?"

ఎండు వారానికి, అంటే వారమంతా సగం నీళ్ల శిక్షకు, చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. మనవాళ్లకొక చట్టం, పరాయివాళ్లకొక చట్టం అయితే అది చట్టం కాదు, మళ్లీ పాత తెరే. ఆమె ముఖంలోకి చూస్తూనే ఎత్తాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "అట్లే ఉండల్ల" అన్నట్టు తలాడించింది. నాకు ఇంకా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

సోమవారం

పొద్దున చెమ్మ పని. గాలిగొట్టాల కింద గోడలకు వేలాడదీసిన కంబళ్లను విప్పి, బానల మీద పిండడం. పైన వేసవి ముదిరింది. గొట్టాల్లోంచి రాళ్లు పగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంత ఎండలోనూ కంబళికి గుప్పెడు చెమ్మ పట్టింది. పిడికిలి బిగిస్తే కంబళి లోపలున్నదంతా వేళ్ల సందుల్లోంచి కారింది.

పనయ్యాక తిమ్మక్క దగ్గరికి వెళ్లాను. ఎండు వారంలో ఉన్నవాళ్లకు సగం నీళ్లు, పొద్దునే ఒక దింపుడు మాత్ర. తాగిన దొంగనీళ్లు మూత్రంగా దిగి, కాచి మళ్లీ మంచినీళ్లు చేసే మరుగు బానలోకి, బాన నుంచి ఊరికి చేరాలని. ఆ మాత్ర ఆలోచన మా కుర్రాళ్లదే. మాత్ర వేసుకుంది గానీ బానలో చెంచాడైనా పడలేదని హుస్సేన్‌బీ చెప్పింది. హుస్సేన్‌బీ మా ఊరి నర్సు.

తిమ్మక్క పంపు పీట మీద ముందుకు వంగి, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి కూర్చుంది.

"పడుకోకూడదా?" అన్నాను.

"పండుకుంటే రొమ్ము మీద ఎవరో కూకున్నట్టు ఉండాదే. నిన్నట్నించి ఇట్లే కూచ్చొని కునుకుతాండా."

"నిజంగా తాగలేదా?"

నావైపు చూసింది. "చౌడీ, చెయ్యెత్తినాక అడుగుతావేమే? ముందు అడగాల్సింది గదా."

లేచి వచ్చేశాను. దారిలో తట్టను ఒక తన్ను తన్నాను. కాలి బొటనవేలు చిట్లింది. తక్కెడ కదల్లేదు.

మంగళవారం

పొద్దున కంబళ్లు పిండుతుంటే పంపు చప్పుడు ఆగిపోయింది. లోతుపల్లెలో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు ఆగితే చెవులు కాదు, కాళ్లు వింటాయి. పరుగెత్తాను.

తిమ్మక్క పీట మీంచి జారి గోడకానుకుని ఉంది. స్పృహ ఉంది. పెదవులు బూడిద రంగు. చేతులు ఊట నీళ్లంత చల్లగా ఉన్నాయి. మెడకు రెండు పక్కలా నరాలు తాళ్లలా ఉబికి, కూర్చుని ఉన్నా దిగడం లేదు.

నేను చదివింది కరపత్రాలే కావచ్చు, కానీ కళ్లున్నాయి నాకు. ఎండిపోయిన మనుషుల్ని పసితనం నుంచీ చూస్తున్నాను. ఎండినవాళ్ల నరాలు లోపలికి పీక్కుపోతాయి. ఎక్కువ తాగినవాళ్లకు మూత్రం ఆగదు. ఈమెకు ఒంటి నిండా నీళ్లు, నాలుక మాత్రం పిడచ. దొంగతనం ఇలా ఉండదు.

హుస్సేన్‌బీ వచ్చి రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నది. చోటు మార్చి మళ్లీ విన్నది. "గుండె చప్పుడు యాడో గోడకవతల నుంచి వచ్చినట్టుండాది," అంది. చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసి, తీగ ఫోను దగ్గరికి పరుగెత్తింది.

డాక్టర్ సుగుణమ్మ పెద్దగవిలో ఉంటుంది, సొరంగం అవతలి కొసన. మూడు ఊళ్లకు ఆమె ఒక్కతే. ఫోను నాకిచ్చి హుస్సేన్‌బీ తిమ్మక్క దగ్గరే ఉండిపోయింది. నేను ఇక్కడి నుంచి అరవడం, డాక్టరమ్మ అక్కడి నుంచి అరవడం.

"నాడి పట్టుకోమను. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు ఏమవుతుందో చూడమను," అంది డాక్టరమ్మ.

తీగ పొడుగు సరిపోయినంత దూరం లాగి, నేనే నాడి పట్టుకున్నాను. తిమ్మక్క ఊపిరి వదిలినప్పుడు వేలి కింద నాడి సన్నగా కొట్టుకుంది. పీల్చగానే మాయమైంది. వదలగానే మళ్లీ వచ్చింది.

"పీలిస్తే పోతాంది డాక్టరమ్మా! వదిలితే వస్తాంది!"

"విను. గుండె చుట్టూ పలచని తిత్తి ఒకటి ఉంటుంది. దాంట్లో నీరు చేరింది. తిత్తి సాగినంత సాగింది, ఇక సాగలేక గుండెను నొక్కుతోంది. గుండె విప్పారలేకపోతోంది, లోపలికి రక్తం తీసుకోలేకపోతోంది. అందుకే ఒళ్లంతా నీరు వెనక్కి తన్ని వాపు. ఇప్పుడేమిస్తున్నారు ఆమెకు?"

"సగం నీళ్లు... దింపుడు మాత్ర."

"ఏమిటీ? ఎవరిచ్చారు ఆ మాత్ర?"

చెప్పాను. ఊరు ఇచ్చిందని చెప్పలేదు. మేమిచ్చాం అన్నాను.

"వెంటనే ఆపండి! నరాల్లో రక్తం తోపు తగ్గితే ఆ నొక్కుడుకు గుండె పూర్తిగా మూసుకుపోతుంది. మీ పెట్టెలో ఉప్పునీళ్ల సీసాలున్నాయి కదా. ఒకటి ఎక్కించండి, నాడి చూసుకుంటూ రెండోది. అది మందు కాదు, నేను వచ్చేదాకా ఊత. సూది పెట్టి ఆ నీరు తీయాలి. తొక్కుడు పెట్టెబండి మీద బయల్దేరుతున్నాను. సగం దారికి మీవాళ్లను ఎదురు పంపండి, నా ఒక్కదాని కాళ్లు చాలవు."

నాకు పొద్దున పిండిన కంబళి గుర్తొచ్చింది. పిడికిలి బిగించింది మేమే, ఇంకా ఎందుకు కారడం లేదని అడిగిందీ మేమే.

పెట్టెబండి తొక్కడానికి చెమ్మ పనివాళ్లు నలుగురిని సొరంగంలోకి తోలి, సీసాల పెట్టె దగ్గరికి పోయాను. దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి కమిటీ పెద్ద దగ్గర, ఒకటి యువజనుల దగ్గర, అంటే నా మెడలో. ఏ ఒక్కరూ ఒంటరిగా తీయకూడదని మేం పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటు.

ఓబన్న మామ తక్కెడ గొలుసుకు నూనె రాస్తున్నాడు.

"చెవి ఇయ్యి మామా. తిమ్మక్కకు సీసాలు ఎక్కించల్ల."

"ఎండు వారంలో ఉండే మనిషికి సీసా ఎట్ల ఇస్తామమ్మా? సభ పిలుద్దాం. చేతులెత్తితే ఇస్తా."

"సభ కూడేసరికి మనిషి ఉండదు!"

"అరవాకు. నీళ్లకొట్టోళ్లు గూడా ఇట్లే అనేటోళ్లు. మా అవ్వ ముసలిది, మా బిడ్డ పసిది, ఈ ఒక్కతూరికి అని. అప్పుడు బల్ల ఎక్కి ఏం చెప్పినావు నువ్వు? 'ఒక్కతూరి అనే మాటతోనే దొంగతనం మొదలవుతాది.' నాకు నోటికొచ్చు."

నా మాటే నా ముఖాన కొట్టాడు. పొద్దున్నుంచి భుజానే ఉండిపోయిన తడి కంబళి తీసి ఆయన మీదికి విసిరాను. అది తక్కెడ కాడకు చుట్టుకుంది. ఆయన దాన్ని తీసి, జాగ్రత్తగా బానలో పిండి, మడిచి నా చేతికిచ్చాడు. "నీళ్లు విసరకూడదు తల్లీ," అన్నాడు.

ఆయన చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది! పెట్టె పగలగొట్టేదాన్ని. కానీ ఆయన నాలాంటివాడే. నా వాక్యాన్ని నాకంటే గట్టిగా నమ్మినవాడు. నేను అరిచిన కొద్దీ ఆయనకు పాత నీళ్లకొట్టువాళ్లే కనబడుతున్నారు.

అరవడం మానేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"మామా, తక్కెడ ముల్లు గోరంత వాలినా నీ వేలికి తెలుస్తాది గదా. ఒక్కసారి వచ్చి నీ వేలు పెట్టి సూడు. నీకేమీ తెలియకపోతే నేనే సభ పిలుస్తా."

వచ్చాడు. తిమ్మక్క మణికట్టు మీద ఆయన వేళ్లు పెట్టాను.

"పీల్చక్కా," అన్నాను.

తిమ్మక్క పీల్చింది. ఓబన్న మామ కనుబొమలు ముడిపడ్డాయి. వేళ్లు సర్దుకున్నాడు. ఆమె వదిలింది. మళ్లీ పీల్చింది. తక్కెడ చూసేటప్పుడు లాగే ఆయన ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని చూశాడు.

"ఇదేంది? పోతాంది," అన్నాడు. "తిమ్మక్కా, నాడి పోతాందే నీకు!"

"యాడికి... పోతాందో కనుక్కోప్పా... నేనూ పోయొస్తా," అంది తిమ్మక్క, మాటమాటకూ ఆగుతూ.

ఆయన నడుముకున్న తాడు తెంపి చెవి నా చేతిలో పెట్టాడు. ముడి విప్పేంత ఓపిక లేకపోయింది ఆయనకు.

మొదటి సీసా సగమయ్యాక నాడి కొంచెం గట్టిపడింది. పీల్చినప్పుడు దారమంత మిగిలింది. తిమ్మక్కను కూర్చోబెట్టే ఉంచాం. వెనక ఆసరాగా నా వీపు పెట్టాను. ఆమె గుండె కొట్టుకోవడం నా వీపుకు తెలుస్తుందేమోనని చూశాను. తెలియలేదు.

అప్పటికి గవి ముందు జనం చేరారు. చేతులెత్తినవాళ్లందరూ. "పంపు కాడ గొంతెండుతాదా" అన్న మనిషి కూడా ఉన్నాడు. పేరు రాయను, ఎందుకంటే తన మధ్యాహ్నం వంతు నీళ్ల గ్లాసు తెచ్చి గడప మీద పెట్టి పోయాడు. ఆయన వెనక ఇంకొకరు. ఇంకొకరు. హుస్సేన్‌బీ బయటికొచ్చి, "నోట్లో పోసే నీళ్లు కాదప్పా ఇప్పుడు కావాల్సింది, తీసుకుపోండి!" అంటే ఒక్కరూ తీయలేదు. గ్లాసులు తగలకుండా గడప దాటాలంటే చీర కుచ్చిళ్లు ఎత్తుకుని నడవాల్సి వచ్చింది ఆమెకు.

అదే రోజు, దీపాలు తగ్గించక ముందు

రెండో సీసా పోతుండగా సొరంగంలో పెట్టెబండి కూత వినిపించింది. మావాళ్లు నలుగురూ చొక్కాలు విప్పి తొక్కుతున్నారు. చెమట పీల్చి దాచే బట్టలు చుట్టుకోవడం కూడా మరిచారు. చెమటంతా గాలిపాలు. ఎవరూ దండన మాట ఎత్తలేదు.

డాక్టర్ సుగుణమ్మ పొట్టి మనిషి. వచ్చీ రాగానే అందరి మూతులకూ గుడ్డలు కట్టించింది. తిమ్మక్క రొమ్ము మీద అరచేతిలో పట్టే యంత్రం ఆనించింది. చిన్న అద్దంలో గుండె కనబడింది. చుట్టూ నల్లటి నీరు. మధ్యలో గుండె గూటి నుంచి పడిన పిట్టపిల్లలా అటూ ఇటూ ఊగుతోంది. నాకు ఏడుపొచ్చింది. గుడ్డ అడ్డం ఉంది కాబట్టి సరిపోయింది.

"తిమ్మక్కా, రొమ్ము ఎముక కింద తిమ్మిరి మందు వేసి సూది పెడతాను. కదలకూడదు."

"కదిలే... ఓపిక ఉంటే... పంపే తొక్కేదాన్ని గదమ్మా."

సూది మెల్లగా పోయింది. డాక్టరమ్మ కళ్లు అద్దం మీద, చెయ్యి సూది మీద. గవిలో అందరం ఊపిరి ఆపుకున్నాం, తిమ్మక్క తప్ప. గొట్టంలోకి పలచని చింతపండు రసం రంగు నీరు వచ్చింది. మొదట ఒక చుక్క, తర్వాత ధార. చెంబులోకి పట్టింది ఓబన్న మామ.

చెంబు ఇంకా సగం కూడా కాలేదు. తిమ్మక్క మెడ మీద నరాలు నా కళ్ల ముందే దిగిపోయాయి. పెదవుల్లోకి రంగు వచ్చింది. పెద్ద ఊపిరి ఒకటి పీల్చింది, ఆదివారం నుంచి మొదటిది. నా వేళ్ల కింద నాడి పోలేదు. టక్ టక్ మని కొట్టుకుంటూనే ఉంది, పంపు చప్పుడు లాగా.

"ఎవరో రొమ్ము మీంచి లేచి పోయినారమ్మీ," అంది తిమ్మక్క.

చెంబు నిండేదాకా తీసి, మళ్లీ చేరితే పోవడానికి సన్న గొట్టం ఒకటి లోపలే ఉంచి కట్టు కట్టింది డాక్టరమ్మ. చాలా వరకు టీబీ వల్లే అయ్యుంటుందని, పరీక్షకు పంపుతానని, అదే అయితే నెలల తరబడి మాత్రలు మింగాలని, కానీ నయమవుతుందని చెప్పింది. ఊరందరికీ దగ్గు పరీక్ష చేయాలంది.

ఓబన్న మామ ఇంకా చెంబు పట్టుకునే ఉన్నాడు. మా ఊళ్లో ఒంట్లోంచి వచ్చిన ఏ తడైనా మరుగు బానలోకి పోవాల్సిందే. పుట్టినప్పటి నుంచి చేతికి అలవాటైన దారి అది. ఆయన కాళ్లు బాన వైపు తిరిగాయి.

"దాంట్లో వద్దు," అంది డాక్టరమ్మ. "రోగపు పురుగులుంటాయి. పరీక్షకు కొంచెం తీసి, మిగతాది మందు కలిపి, దూరంగా గుంట తీసి పారబోయండి."

"పారబొయ్యాల్నా?" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో కొత్తగా ఉంది.

పాత తవ్వకంలో గుంట తీశారు. అందరం దూరంగా నిలబడ్డాం. ఆయన చెంబు వంచాడు. ఇసుక నల్లబడి, నురగ కట్టి, మెల్లగా పీల్చుకుంది. అమ్మ చంకలో ఉన్న ఒక పసిది, "అమా, నేల తాగుతాంది!" అని అరిచింది. నీళ్లు నేలకు పోవడం ఆ పిల్ల ఎన్నడూ చూసి ఉండదు. నేనూ చూడలేదు.

ఎవరూ అడ్డు చెప్పలేదు. నేను మాత్రం ఆ తడి మచ్చ ఆరేదాకా నిలబడ్డాను.

శుక్రవారం

సభలో కొట్లాట. తక్కెడ తీసేయమని కొందరు. నేనే అంటానని అందరూ అనుకున్నారు. అనలేదు. తక్కెడ తీసేస్తే తెర మళ్లీ వస్తుంది, నాకు తెలుసు. అదే గట్టిగా చెప్పాను, బల్ల మీద గుద్ది మరీ చెప్పాను. కానీ తూకం తప్పిన మనిషిని మొదట దొంగా అని అడిగేది ఉండకూడదు. ముందు హుస్సేన్‌బీ కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి వాపు చూసి, మెడ నరాలు చూసి, నాడి పట్టాలి. "తాగినావా" అని కాదు, "ఎట్లుండావు" అని అడగాలి. దింపుడు మాత్ర శిక్షగా ఇక ఉండదు. డాక్టరు చెబితేనే.

"ఇంకోటి," అన్నాడు ఓబన్న మామ లేచి. "రాయి కంటే మనిషి బరువెక్కితే ఇన్నాళ్లూ అడిగినాం. రాయి కంటే తగ్గితే ఎన్నడన్నా అడిగినామా? ఒంట్లో నీళ్లుండి బరువు తూగింది గానీ, తిమ్మక్క మాంసం యాడుండాది? ఎన్ని నెల్లుగా కరిగిపోతాందో మనకు తెల్సా? తగ్గినోళ్లకు ఊరు పెట్టల్ల."

చేతులు లేచాయి. నాది అన్నిటికంటే ముందు లేచింది. అది గొప్పని కాదు, నా పద్ధతే అంత.

మరో ఆదివారం, మాత్రలు మొదలయ్యాక

పరీక్షలో టీబీయేనని తేలింది. పెద్దగవి నుంచి మాత్రలు వస్తున్నాయి. దగ్గు పరీక్షలో ఇంకో ఇద్దరు బయటపడ్డారు, వాళ్లకూ మొదలుపెట్టారు. గొట్టం తీసేసి చాలా రోజులైంది. పాదాల వాపు దిగింది. పంపు ఇప్పుడు నేను తొక్కుతున్నాను. "ఎడమ కాలు దొంగాట ఆడతాంది" అని పీట పక్కన కూర్చుని తిమ్మక్క తిట్టడం నాకు జీతం.

ఈ రోజు మూతికి గుడ్డ కట్టుకుని తానే నడిచి తూకానికి వచ్చింది. తన రాయి తానే చూపించింది. ఓబన్న మామ దాన్ని తట్టలో పెట్టాడు. ఆమె రెండో తట్టలో కూర్చుంది.

రాయి దిగింది. తిమ్మక్క గాల్లోకి లేచింది. పాదాలు నేలకు అందక ఆడుతున్నాయి.

"ఒసేయ్ చౌడీ, దించవే! ఈ వయసులో నాకు ఉయ్యాలేందే!"

అందరూ నవ్వుతున్నారు. నేను దించలేదు. పొయ్యి దగ్గరికి పోయి సంగటి ముద్ద ఒకటి, మునగాకు పులుసు గిన్నె, నిండు గ్లాసు నీళ్లు తెచ్చాను. తట్టలో ఆమె ఒళ్లో పెట్టాను. తట్ట కొంచెం దిగింది. రాయి ఇంకా కిందే ఉంది.

"తిను," అన్నాను. "కాళ్లు నేలకానేదాకా దించేది ల్యా."

"ఒక్క పూటకు ఆనుతాయా!"

"రేపు మళ్లీ తెస్తా."

ఆమె గుడ్డ కిందికి లాగి ముద్ద తుంచింది. ఓబన్న మామ ఒక చేత్తో గొలుసు పట్టుకుని, రెండో చేత్తో అలవాటుగా ఆమె మణికట్టు మీద వేళ్లు పెట్టి, కళ్లు మూసుకున్నాడు.